ముగ్గులో లేని కౌలుదారు: ఒక వ్యవసాయ కళాశాల, ఒక డెల్టా ఊరు, మినుము విత్తనం

2021 నవంబరు మూడో వారంలో మా విద్యార్థులు ఊరు ఖాళీ చేసి కళాశాలకు వచ్చేశారు. అదే వారంలో ఆ ఊరి రైతులు మినుము చల్లడం మొదలుపెట్టారు. ఇందులో తప్పేముందో తెలుసుకోవడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది.

నేను కృష్ణా డెల్టాలో ఒక వ్యవసాయ కళాశాలలో విస్తరణ విభాగంలో, అంటే పరిశోధనను రైతుల దగ్గరికి చేర్చే విభాగంలో పనిచేస్తున్నాను. కళాశాల పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ ఊళ్లో కౌళ్లన్నీ నోటిమాట మీద నడుస్తాయి. పేర్లు బయటపడితే ఎవరో ఒకరి చేతిలోంచి పొలం జారిపోతుంది. ఊరి పేరు లేకపోయినా, డెల్టా వాళ్లు ఇది తమ ఊరి సంగతేనని పోల్చుకుంటారు.

విశ్వవిద్యాలయాలు ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాలకు ఏం చేయగలవన్న చర్చ ఇప్పుడు ప్రతి క్యాంపస్‌లోనూ ఉంది. 2015 సెప్టెంబరు 25న ఆ 17 లక్ష్యాలను ఆమోదించారు. 2019 నుంచి టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ వాటి ఆధారంగా విశ్వవిద్యాలయాలకు ర్యాంకులు కూడా ఇస్తోంది. దాంతో ప్రతి విభాగమూ ఏడాది చివర ఒక పట్టిక నింపాల్సి వస్తోంది. 2021లో మా ఊరి పనికి ఆ పట్టిక నింపింది నేనే. ఆకలి, విద్య, స్త్రీ పురుష సమానత్వం, వాతావరణం, భాగస్వామ్యం అని ఐదు లక్ష్యాలకు టిక్ పెట్టాను. రాసినవేవీ అబద్ధాలు కావు. శిక్షణ ఇచ్చాం, మహిళలతో సమావేశం పెట్టాం, విత్తనాల సంచులు పంచాం. అయితే ఆ సంచులు ఎవరి చేతికి చేరాయో అడిగే గడి ఆ పట్టికలో లేదు. నేనూ అడగలేదు.

ముందు మినుము గురించి చెప్పాలి.

డెల్టా మాగాణుల్లో సార్వా వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిలోనే మినుము చల్లుతారు. ఎకరానికి 16 నుంచి 18 కిలోలు పడుతుంది. వరి కోసి, పనలు వేసి, కుప్ప పెట్టేసరికి మోళ్ల మధ్య మొలక కనిపిస్తుంది. దున్నేది లేదు, నీరు పెట్టేది లేదు. నేలలో మిగిలిన తేమతో, రాత్రి పడే మంచుతో పెరుగుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికి వస్తుంది. వేళ్ల మీది బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. ఇంత తక్కువ అడిగి ఇంత ఇచ్చే పంట మా ప్రాంతంలో మరొకటి లేదు. ప్రపంచ పప్పుధాన్యాల దినం ఫిబ్రవరి 10. ఆ రోజుకు మా చేలల్లో మినుము కాయ కట్టి ఉంటుంది. అయినా మన దేశం ఏటా మయన్మార్ నుంచి మినుములు కొంటోంది.

ఈ పంటకు ఒకప్పుడు బూడిద తెగులు పెద్ద శత్రువు. గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం దాన్ని తట్టుకునే ఎల్‌బీజీ 17 లాంటి రకాలు ఇచ్చింది. తర్వాత తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు వచ్చి చేలకు చేలను పసుపు చేసింది. దానికి లాం నుంచి ఎల్‌బీజీ 787, తిరుపతి నుంచి టీబీజీ 104, ఘంటసాల నుంచి జీబీజీ 1 వచ్చాయి. ఉత్తరాఖండ్‌లోని పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన పీయూ 31 కూడా ఆంధ్రలో నిలదొక్కుకుంది. హిమాలయాల కింద పుట్టిన విత్తనం బంగాళాఖాతం ఒడ్డున కౌలు రైతును ఆదుకుంది. భాగస్వామ్యం గురించిన పదిహేడో లక్ష్యానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇదే. దీనికి ఒప్పంద పత్రం మీద సంతకాలు, ఫొటోలు ఏవీ అవసరం పడలేదు.

అంటే తెగులుకు విశ్వవిద్యాలయాల దగ్గర జవాబు ఉంది. అయినా 2022 జనవరిలో నేను ఆ ఊరు వెళ్లేసరికి కాలువ గట్టు నుంచి కనిపించినంత మేరా చేలు పసుపుగా ఉన్నాయి.

ఒక కౌలు రైతు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మా విద్యార్థి ఒకరు నాలుగు నెలల పాటు ఆయన ఇంటికి వెళ్లివచ్చారు. ఆయన కోపంగా లేడు. "పిల్లలు మంచోళ్లే మేడమ్. వరి ఉన్నన్నాళ్లూ ఉన్నారు. మినుము చల్లేటప్పటికి లేరు. మాకు వరి కౌలుకూ తిండికీ సరి. మిగిలేదల్లా మినుమే కదా" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాదిలో విద్యార్థులు ఊళ్లలో ఉండి రైతుల దగ్గర నేర్చుకునే కార్యక్రమం ఉంది. మేమంతా రావెప్ అంటాం. అది ఏడో సెమిస్టరులో, అంటే ఖరీఫ్‌లో వస్తుంది. నారు పోయడం నుంచి వరి పండేదాకా పిల్లలు ఊళ్లో ఉంటారు. రైతుకు లాభం తెచ్చే పంట విత్తే వారానికి పెట్టె సర్దుకుంటారు. మా క్యాలెండరు ప్రకారం అంతా సక్రమంగానే జరిగింది. ఊరి క్యాలెండరు ప్రకారం మేము అసలు పనికి ముందే వెళ్లిపోయాం.

రెండో తప్పు ముగ్గులో ఉంది.

రావెప్‌లో పిల్లలు మొదట చేసే పనుల్లో ఒకటి ఊరి పటం గీయడం. రచ్చబండ దగ్గర నేల ఊడ్చి, రంగు ముగ్గులతో వీధులు, చెరువు, కాలువలు, పొలాలు వేస్తారు. ఊరివాళ్లు చుట్టూ చేరి సరిదిద్దుతారు. చూడముచ్చటగా ఉంటుంది. మా దగ్గర ఆ ఫొటో ఇంకా ఉంది. కౌలు రైతును కలిసి వచ్చాక దాన్ని మళ్లీ చూశాను. పొలాల పక్కన రాసిన పేర్లన్నీ యజమానులవే. వాళ్లలో కొందరు విజయవాడలో, కొందరు హైదరాబాదులో, ఇద్దరు అమెరికాలో ఉన్నారు. మేము ఆ పేర్లను బట్టే లబ్ధిదారుల జాబితా తయారుచేశాం. విత్తన సంచులు యజమానుల ఇళ్లకు, వాళ్ల తరఫున చూసుకునే బంధువుల ఇళ్లకు వెళ్లాయి. కొన్ని సంచులు మార్చి దాకా అరుగుల మీదే ఉన్నాయి. పొలంలో దిగేవాడు మా పటంలో లేడు. జాబితా మీద సంతకం పెట్టింది నేను.

ప్రభుత్వం 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. పదకొండు నెలలకు కౌలు కార్డు ఇస్తారు. కానీ ఆ చట్టం ప్రకారం కార్డు రావాలంటే యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. చాలామంది యజమానులకు ఆ సంతకం అంటే భయం. కాబట్టి కార్డును ఆధారం చేసుకున్నా మా జాబితా సరి అయ్యేది కాదు.

2022 ఖరీఫ్‌లో కొత్త బ్యాచ్ వెళ్లినప్పుడు పటాన్ని మగవాళ్లతో గీయించలేదు. నాట్లకు, కలుపుకు, కోతలకు వెళ్లే ఆడవాళ్లను పిలిచాం. వాళ్లకు ప్రతి మడీ తెలుసు. ఎక్కడ నీరు నిలుస్తుందో, ఎవరి చేలో మినుమును అల్లుకుని పీల్చే బంగారు తీగ అనే కలుపు ఎక్కువో, ఏ పొలం ఎవరి చేతిలో ఉందో గడగడా చెప్పారు. పిల్లలు పొలం పక్కన "ఎవరిది" అని కాకుండా "ఎవరు చేస్తున్నారు" అని రాశారు. రెండు ఫొటోలను పక్కపక్కన పెడితే ఒకే ఊరు అనిపించదు. చిన్న రైతులు, ముఖ్యంగా మహిళల దిగుబడి, ఆదాయం 2030 నాటికి రెట్టింపు కావాలని, ఆకలి గురించిన రెండో లక్ష్యంలోని 2.3 అనే ఉపలక్ష్యం అంటుంది. మా ఊరికి సంబంధించినంతవరకు ఆ వాక్యం ఈ రెండో ముగ్గుతోనే మొదలైంది. ఎవరు సాగు చేస్తున్నారో తెలియకుండా ఎవరి ఆదాయాన్ని రెట్టింపు చేస్తాం?

ఇక సెమిస్టరు సంగతి. దీన్ని మార్చడం నా చేతిలో లేదు. ప్రధాని 2015 జులై 25న ప్రారంభించిన స్టూడెంట్ రెడీ పథకం కింద ఏడో సెమిస్టరులో రావెప్, ఎనిమిదో సెమిస్టరులో అనుభవపూర్వక అభ్యాసం ఉన్నాయి. రెండో దానిలో విత్తనోత్పత్తి ఒక అంశం. మామూలుగా దాన్ని క్యాంపస్ పొలంలోనే చేయిస్తారు. విత్తనోత్పత్తి తీసుకున్న పిల్లలను అదే ఊరికి తిరిగి పంపుదామని నేను అడిగాను. క్యాంపస్ పొలంలో సగం, ఊళ్లో సగం. వారానికి రెండు రోజులు ఊళ్లో ఉండాలి. పల్లాకు తెగులు మొక్కలు లెక్కపెట్టడానికి, కేళీలు, అంటే వేరే రకం మొక్కలు ఏరడానికి మార్కులు ఉండాలి. సహోద్యోగులు ఊరి ప్లాటులో నాణ్యత ఎవరు చూస్తారని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. విత్తన విభాగంలో ఒకరు ఆ బాధ్యత తీసుకున్నారు. ఆ ఒక్కరు లేకపోతే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

ఆరుగురు కౌలు రైతులను ఎంచుకున్నాం. ఒక్కొక్కరికి పావు ఎకరానికి సరిపడా ఫౌండేషన్ (మూల) విత్తనం, అంటే నాలుగు కిలోల పైచిలుకు ఇచ్చాం. డబ్బు తీసుకోలేదు. పంట వచ్చాక ఇచ్చిన దానికి రెట్టింపు విత్తనం ఊరి నిల్వకు తిరిగి ఇవ్వాలి, అంతే. లెక్క సులువు. ఎకరానికి నాలుగు క్వింటాళ్ల చొప్పున వచ్చినా పావు ఎకరంలో క్వింటా వస్తుంది. అది ఐదారు ఎకరాలకు విత్తనం. ఇలా పండించిన విత్తనాన్ని దాచుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం, బ్రాండు పేరు వేయకుండా అమ్ముకోవడం రైతు హక్కు అని మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లోనే చెప్పింది. ఆ హక్కు సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. పిల్లలు దాన్ని తెలుగులో ఒక పేజీకి కుదించి చదివి వినిపించారు.

ఏ రకం వేయాలన్న దగ్గర రైతులతో కొంత వాదన జరిగింది. పీయూ 31 తెగులుకు బాగా ఆగుతుంది, కానీ అది సాదా గింజ. తెనాలి మిల్లుల వాళ్లు, వ్యాపారులు మెరిసే గింజకు ఎక్కువ ఇస్తారు. "తెగులుకు ఆగితే చాలదు మేడమ్, కాటా దగ్గర కూడా ఆగాలి" అన్నారు. ఆ మాట విని టీబీజీ 104ను ప్రధానంగా తీసుకున్నాం, రెండు ప్లాట్లలో పీయూ 31 వేశాం. ఒకే రకం ఊరంతా పరిస్తే ఒక్క తెగులుతో ఊరంతా పోతుంది. విత్తన వైవిధ్యాన్ని కాపాడాలన్న 2.5 చెప్పేదీ అదే.

పంట ఎదిగింది. జనవరిలో పిల్లలు వరసలు వేసుకుని కేళీలు పీకారు. బంగారు తీగ కనిపించిన చోట మొక్కతో సహా తీసి కాల్చారు. ఒక విద్యార్థిని పండగకు ఊరు వెళ్లి, చేను చూడాలని రెండు రోజులు ముందే తిరిగి వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. విద్యార్థి మార్కుల కోసం వచ్చాడా, చేను కోసం వచ్చాడా అన్నది రైతుకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ అమ్మాయి అలా వచ్చిన తర్వాత ఊరివాళ్లు మాతో మాట్లాడే తీరు మారింది.

అసలు పరీక్ష కోత తర్వాత వచ్చింది. మార్చిలో వచ్చిన విత్తనాన్ని నవంబరు దాకా, ఎనిమిది నెలలు దాచాలి. మినుముకు పెంకు పురుగు చేలోనే కాయల మీద గుడ్లు పెడుతుంది. నిల్వలో పురుగై గింజను డొల్ల చేస్తుంది. ఇక్కడ మా పాఠ్యపుస్తకం కంటే ఊరి ఆడవాళ్లు ముందున్నారు. ఎండ ఎన్నాళ్లు, గింజ కొరికితే ఏ చప్పుడు రావాలి, బూడిద ఎంత కలపాలి అన్నది వాళ్ల చేతుల్లో ఉంది. మేము తేమ కొలిచే మీటరు తీసుకెళ్లాం. తొమ్మిది శాతం లోపు ఉండాలి. వాళ్లు "ఇది ఎండింది" అన్న సంచులను మీటరుతో చూస్తే ప్రతిసారీ తొమ్మిది లోపే ఉంది. మేము కొత్తగా చేర్చింది గాలి చొరని మూడు పొరల సంచులు, తడి గోనెపట్టాలో వంద గింజలు చుట్టి మొలక లెక్కపెట్టే పరీక్ష. మినుము విత్తనానికి కనీసం 75 మొలవాలి. 2021లో అరుగుల మీద మిగిలిపోయిన మా పాత సంచుల్లోంచి తీసి చూస్తే అరవై కూడా దాటలేదు. ఆ విత్తనమే చల్లుకున్న వాళ్ల సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు ఒప్పుకోదు.

నిల్వ బాధ్యత స్వయం సహాయక సంఘంలోని నలుగురు మహిళలు తీసుకున్నారు. వాళ్లలో పెద్దావిడను పిల్లలు పిన్నీ అని పిలుస్తారు. 2023 అక్టోబరులో విత్తనం పంచే జాబితా తయారవుతుంటే ఆవిడ ఒక మాట అన్నారు.

"అంతా ఇయ్యొద్దు మేడమ్. మూడో వంతు ఉంచండి. తుపాను నెల దాటనీయండి."

నాకు నచ్చలేదు. విత్తనం గదిలో ఉంటే నివేదికలో పంపిణీ తక్కువ కనిపిస్తుంది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఆ రోజు నా బుర్రలో ఉన్నది అదే. ఆవిడ పట్టు వదల్లేదు. మిగతా ముగ్గురూ ఆవిడ వైపే నిలిచారు. మూడో వంతు సంచులు గదిలోనే ఉండిపోయాయి.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది.

కోతకు సిద్ధమైన వరి నేలకు ఒరిగింది. కోసి ఉన్న పనలు నీళ్లలో తేలాయి. చల్లిన మినుము అంతా కుళ్లిపోయింది. మురుగు కాలువల్లో నీరు తీశాక, ఇంకా ఒక విత్తు పడే అదును ఉంది. కానీ విత్తనం ఎక్కడ? చుట్టుపక్కల ఊళ్లన్నీ ఒకేసారి వెతుకుతున్నాయి. ధర పెరిగింది, దొరికిన దానికి ఏ రకమో, ఎంత మొలుస్తుందో చెప్పేవాళ్లు లేరు. ఆ వారం పిన్నిగారు గది తాళం తీశారు. ఎవరికి ముందు ఇవ్వాలో కూడా వాళ్లే తేల్చారు. సొంత పొలం ఉన్నవాళ్లు ఆగగలరు, కౌలు చేసేవాళ్లు ఆగలేరు అని.

ఆలస్యంగా చల్లిన మినుముకు ఎండ తగులుతుంది, దిగుబడి తగ్గుతుంది. తగ్గింది కూడా. రెండు ప్లాట్లలో మొలక సరిగా రాక వదిలేశారు. ఒకాయన తీసుకున్న విత్తనాన్ని అమ్ముకున్నాడు. ఇంట్లో అప్పు ఉంది, నేను ఆయన్ను తప్పుపట్టలేను. కానీ తిరిగి చల్లిన కుటుంబాల్లో ఎక్కువమందికి మరుసటి ఏడాది విత్తనమైనా, ఇంట్లో పప్పైనా మిగిలింది. తుపాన్లు, వరదలు తట్టుకునే సాగు పద్ధతులు కావాలని 2.4 చెబుతుంది. మా ఊళ్లో ఆ పద్ధతి ఒక తాళం వేసిన గది, ఒక పెద్దావిడ మాట.

ఆ ఏడాది పట్టికలో నేను రెండే లక్ష్యాలకు టిక్ పెట్టాను, ఆకలి గురించిన రెండోది, స్త్రీ పురుష సమానత్వం గురించిన ఐదోది. పక్కన మూడు వాక్యాలు రాశాను: విత్తనం ఎవరి చేతికి వెళ్లింది, ఎంత తిరిగి వచ్చింది, నిల్వపై నిర్ణయం ఎవరిది. వేరే విభాగాల మిత్రులు ఇలాంటి పని మొదలుపెడదామని అడిగినప్పుడు కూడా ఈ మూడే చెబుతున్నాను. వాళ్ల ఊళ్లో అది మినుము కానక్కర్లేదు. తాగునీటి పరీక్ష కావచ్చు, పిల్లల బరువు కొలత కావచ్చు. విశ్వవిద్యాలయానికి ప్రయోగశాల ఉంది, ఏటా కొత్త పిల్లలు ఉన్నారు, పదేళ్ల తర్వాత కూడా అదే చోట ఉంటుంది. ఒక శాఖ అధికారి బదిలీ అయిపోతాడు, ఒక పథకం మూడేళ్లకు ముగుస్తుంది. మనం ఎక్కడికీ పోము. అందుకే ఒకే ఊరిని పట్టుకుని ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఏటా కొత్త ఊరిని దత్తత తీసుకునే పద్ధతి నాకు నచ్చదు. దానివల్ల ఊళ్ల సంఖ్య పెరుగుతుంది, మనం నేర్చుకునేది తగ్గుతుంది.

ఇప్పుడు మా ముందున్న చిక్కు వరికోత మిషన్. కూలీలు దొరకడం లేదు, దొరికినా కోత ఖర్చు భరించలేరు. చక్రాలకు బదులు చైను మీద నడిచే కోత మిషన్ దిగితే చల్లిన మినుము మొలక నలిగిపోతుంది, నేల గాడులు పడుతుంది. అందుకే చాలామంది మినుము మానేసి మొక్కజొన్న వైపు వెళ్తున్నారు. మొక్కజొన్నకు నీళ్లు కావాలి, యూరియా బస్తాలు కావాలి. మిషన్ కోసిన చోట గడ్డి ముక్కలై పొలంలోనే పడుతుంది, దాన్ని తగలబెడుతున్నారు. చేత్తో కోసిన చోట గడ్డి పశువులకు వామి అయ్యేది. మేమిచ్చే విత్తనం ఎంత మంచిదైనా, మిషన్‌కు జవాబు లేకపోతే ఐదేళ్లలో ఈ ఊళ్లో మినుము ఉండదు.

ఈసారి వ్యవసాయ ఇంజినీరింగ్ వాళ్లను కూడా ఊరికి తీసుకెళ్లాం. ఒకే కౌలు రైతు పొలంలో నాలుగు మడులు తీసుకున్నాం. ఒకటి కూలీలు కోసింది, ముందే చల్లిన మినుము. ఒకటి మిషన్ కోసింది, ముందే చల్లింది. ఒకటి మిషన్ కోసిన మర్నాడు విత్తనం ఎక్కువ వేసి చల్లింది. ఒకటి మిషన్ తర్వాత విత్తే పరికరంతో వేసింది. మడుల పేర్లు, ఖర్చులు రాసే పుస్తకం ఆ రైతు భార్య దగ్గర ఉంది. పిల్లలు వారానికి రెండు రోజులు వెళ్లి మొక్కలు లెక్కపెడుతున్నారు. మొన్న వెళ్లినప్పుడు మూడో మడిలో గాడుల మధ్య మొలక పల్చగా ఉంది, నాలుగో మడి బాగుంది. ఆ పరికరం అద్దె ఎంతవుతుందో, ఎకరంన్నర కౌలు చేసే మనిషికి అది గిట్టుబాటు అవుతుందో లేదో మార్చిలో ఆ పుస్తకం చూస్తే తెలుస్తుంది.